ఎన్నడూ విప్పని వాచీతో మూడు రోజులు

మా చోరనూరుకు వచ్చినవాళ్ళెవరూ మా మరిది శేఖరప్ప చేతి గడియారం సంగతి వినకుండా వెనక్కి పోలేదు. విత్తనాల కంపెనీవాళ్ళు వచ్చినా, పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చినా ఒకటే. కాఫీ చేతికిచ్చి, చొక్కా చేయి వెనక్కి తోసి మొదలుపెడతాడు.

"స్విస్ వాచీ అప్పా. మా నాయన బళ్ళారి కంటోన్మెంట్లో ఒక దొడ్డ మిలిట్రీ ఆఫీసరు దగ్గర తీసుకున్నెది. యాభై ఏండ్లు దాటె. ఇంతవరకూ మూత విప్పింది లేదు. ఒక్క సారీ లేదు!"

వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోవాలి. పోతారు కూడా, కాఫీ తాగాలి కదా. మధ్యలో టైమెంతయిందని ఎవరైనా అడిగితే మాత్రం శేఖరప్ప జేబులోంచి మొబైలు తీసి చూస్తాడు.

ఆ వాచీ పోయిన దసరాకు, ఆయుధ పూజ అయిన మరునాడు ఆగిపోయింది. ఏడూ ఇరవైకి ఆగింది.

మా మామగారు పోయేముందు దాని గురించి ఒకే మాట చెప్పారు. నడిచినన్నాళ్ళు అది ఇల్లు దాటకూడదు, చచ్చిందని తేలితే అమ్మి అన్నదమ్ములిద్దరూ పంచుకోండి అన్నారు. శేఖరప్పకు ఈ మాటలో రెండో సగమే గుర్తుంది. బెంగళూరులో పాత వాచీలు కొనే ఒకాయన్ని ఫోనులో పట్టాడు. ఎన్నడూ విప్పనిదని చెప్పగానే ఆయనకు ఆశ పుట్టింది. సోమవారం వస్తానన్నాడు.

నాకు వాచీల మోజు లేదు. నేను చేతికి వేసుకున్నవి గాజులే. కానీ నేను కోడలిగా వచ్చిన నాటినుంచీ ముప్పై ఏళ్ళు, తెల్లవారి అత్తమ్మ ఆ వాచీకి కీ ఇచ్చే చప్పుడు విన్నాకే పొయ్యి ముట్టించాను. ఆమె పోయాక ఆ పని నాకొచ్చింది. కట్టుకునేది మరిది, కీ ఇచ్చేది నేను. ఆ చప్పుడు కూడా ఇంట్లోంచి లేచి బెంగళూరు పోతుందంటే నాకు ఒళ్ళు మండింది.

"చచ్చిందని ఎవురు చెప్పిరి నీకు?" అన్నాను. "నాడి పట్టి చూడకనే పాడె కడతాండావా?"

"యాడ చూపించేది వదినా? విప్పితే దాని విలువ పోతాది. విప్పలేదనే కదా బెంగళూరాయన వస్తాండేది."

"మూడు దినాలుండాయి. తెలిసినోళ్ళకు చూపిద్దాం. చచ్చిందని వాళ్ళంటే నేనే గుడ్డలో చుట్టి ఇస్తా."

మా ఆయన ఇద్దరి మాటా విన్నాడు, రెండూ సరే అన్నాడు, లారీ టైర్లు చూసుకోవడానికి పోయాడు. శుక్రవారం పొద్దున మరిది కారులో మేమిద్దరం బయలుదేరాం.

సండూరు: ఉగ్గాణి, ఏడూ ఇరవై

మా తాలూకా చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఇక్కడ చెట్టు ఆకుపచ్చగా ఉంటుందని పిల్లలకు బడిలో చెప్తే తెలుస్తుంది, బయటికొచ్చి చూస్తే తెలియదు. ఖనిజం లారీలు లేపిన ఎర్రదుమ్ము ఆకు మీదా, గేదె మీదా, బట్టల మీదా ఒకే రంగు పూస్తుంది. తెల్లచీర కట్టుకుని సండూరు పోయినావిడ కాషాయంలో తిరిగొస్తే సన్యాసం తీసుకుందని ఎవరూ అనుకోరు.

సండూరులో టిఫిను తిన్నాం. తడిపిన బొరుగులతో చేసిన ఉగ్గాణి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు, నలభై రూపాయలు. ఇంట్లో మేము పుట్నాలపొడి దండిగా వేస్తాం. ఇక్కడ పైన చల్లి, చల్లామని చెప్పుకుంటారు. బజ్జీ మాత్రం నిజంగానే కారంగా ఉంది. శేఖరప్ప కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా "ఏం కారం లేదే" అన్నాడు.

చచ్చిన వాచీని ఆయన చేతికి కట్టుకునే వచ్చాడు. హోటలాయన ప్లేట్లు తీస్తూ దాన్ని చూశాడు.

"మస్తు వాచీ ఉండాదే అప్పా. టైమెంత?"

శేఖరప్ప అలవాటుగా మొబైలు కోసం జేబు తడుముకున్నాడు. అది కారులో ఉంది. హోటలాయన తనే వంగి చూశాడు.

"ఏడూ ఇరవయ్యా? అట్లయితే మీరు బేగనే వచ్చినారు. నా గోడ గడియారంలో పదాయె."

నేను మంచినీళ్ళు తాగుతున్నాను, పొలమారింది. శేఖరప్ప చొక్కా చేయి కిందికి దించుకుని గుండీ పెట్టుకున్నాడు. బళ్ళారి దాకా ఆ గుండీ తీయలేదు.

బళ్ళారి: అద్దాల దుకాణం

బళ్ళారిలో అలాంటి వాచీలు అమ్మే పెద్ద దుకాణం ఒకటుంది. ముందంతా అద్దమే. లోపల పాలరాయి మెరుస్తుంటే గుడి అనుకుని చెప్పులు బయట విప్పాను. కాపలా ఆయన నవ్వి, "వేసుకొని రా అమ్మా, ఈడ దేవుడు లేడు, డబ్బే ఉండాది" అన్నాడు. ఆ రోజు నేను విన్న నిజమైన మాట అదొక్కటే.

లోపల చలి. కోటు వేసుకున్న అబ్బాయి తెల్లటి చేతితొడుగులు తొడుక్కుని వాచీని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకుంటాడేమో అని చూశాను, పెట్టుకోలేదు. కంప్యూటరులో చూశాడు.

"బ్యూటిఫుల్ పీస్ మేడమ్. మేమిక్కడ ఓపెన్ చేయం. ముంబైకి పంపాలి. వాళ్ళు అక్కడినుంచి కంపెనీకి పంపుతారు."

"కంపెనీ యాడుండాది నాయనా?"

"స్విట్జర్లాండ్ మేడమ్."

మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ తిరుపతి దాటి పోలేదు. వాచీ మాత్రం పోయేలా ఉంది.

"ఎన్ని దినాలకు వస్తాది?"

"ఎనిమిది నెలలు. డయల్ కొత్తది వేస్తారు, ముళ్ళు కొత్తవి, అద్దం కొత్తది. కేసు పాలిష్ చేస్తారు. లోపల అరిగినవి అన్నీ మార్చేస్తారు. అచ్చం కొత్తదే అయిపోతుంది."

"ముఖం మార్చి, చేతులు మార్చి, లోపలి పేగులు మార్చి ఇస్తే అది మాదని యెట్ల గుర్తుపట్టేది?" అన్నాను.

ఆ అబ్బాయి నవ్వాడు. ఖర్చు ఒక కాగితం మీద రాసి, బోర్లించి మా వైపు తోశాడు. శేఖరప్ప తిప్పి చూసి మళ్ళీ బోర్లించాడు. ఆ మొత్తానికి మా ఊళ్ళో మంచి జత ఎద్దులు వస్తాయి, మెడలో గంటలతో సహా.

"చూస్తివా వదినా," అన్నాడు మరిది. బయటికొచ్చేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోతోంది. "ఇంక అయ్యేది కాదు. చచ్చినట్టే లెక్క."

నేను నా చెప్పులు వేసుకుంటుంటే కాపలా ఆయన మెల్లగా దగ్గరికొచ్చాడు. "అమ్మా, కంటోన్మెంట్లో మస్తాన్ సాబ్ అని ఉండేవాడు. ఇట్లాంటివి ఆయన చేతిలో లేచి కూర్చునేవి. ఉండాడో లేడో తెల్దు. అడిగి చూడండి" అన్నాడు. అద్దం లోపల కోటు అబ్బాయి వాచీ పెట్టిన చోటు గుడ్డతో తుడుస్తున్నాడు.

కంటోన్మెంట్: నాకు తెలిసిన సందు

రాత్రికి చుట్టాలింట్లో ఉండి శనివారం కంటోన్మెంట్ పోయాం. వెడల్పు రోడ్లు, పాత బంగళాలు, గోడల మీద నాచు. మామగారు వాచీ కొన్న బంగళా ఇదేనని శేఖరప్ప ఒకటి చూపించాడు. కొంచెం ముందుకు పోయాక ఇంకొకటి చూపించాడు. మూడోది చూపించబోతే, "మీ నాయన ఎన్ని వాచీలు కొనెనప్పా?" అన్నాను.

అడుగుతూ అడుగుతూ ఒక సందులోకి తిరిగాం. తిరగగానే నా కాళ్ళు ఆగాయి. ఆ సందు నాకు తెలుసు. మూలమీద బేకరీ, దాని ముందు సిమెంటు అరుగు. అత్తమ్మతో దసరా రోజుల్లో పూలకూ బూడిదగుమ్మడికాయలకూ బళ్ళారి వచ్చినప్పుడు, కొన్నేళ్ళకొకసారి ఆమె నన్ను ఈ అరుగు మీదే కూర్చోబెట్టేది. చేతిలో ఒక బన్ను పెట్టి, "దారం తీసుకొని వస్తా, ఈడనే ఉండు" అని టిఫిను డబ్బా పట్టుకుని సందులోకి పోయేది. దారానికి టిఫిను డబ్బా ఎందుకని ఆ రోజుల్లో నేను అడగలేదు. బన్ను బాగుండేది.

ఇప్పుడు బన్ను ఇరవై రూపాయలు, చెరకుగడ అంత తీపి. అరుగు అలాగే ఉంది.

మస్తాన్ సాబ్ దుకాణం ఉన్నచోట మొబైలు కవర్లు వేలాడుతున్నాయి. అందులో కూర్చున్నాయన తల ఎత్తకుండానే చెప్పాడు. "సాబ్ ఇక్కడ లేడు. మన జిల్లా ఎమ్మిగనూరులోనే, బిడ్డ ఇంట్లో ఉండాడు. వాచీలు ఎవరు చూపిస్తారు అమ్మా ఇప్పుడు? మొబైలు అయితే చెప్పండి, అద్దం మార్చి ఇస్తా."

"రేపు ఎమ్మిగనూరు పోదాం," అన్నాను.

"ముసలాయనకు చెయ్యి వణుకుతాంటాది వదినా. విప్పి పాడు చేసిడిస్తే సోమవారం బెంగళూరాయనకు ఏం చూపేది?"

"వణికే చెయ్యి పనికొస్తుందో లేదో సాబ్ చెప్తాడు. నువ్వు కారు నడుపు, చాలు."

ఎమ్మిగనూరు: నీళ్ళున్న ఊరు

మా వైపు నీళ్ళు చూడాలంటే బిందెలోకి చూడాలి. ఎమ్మిగనూరు వైపు ఎటు చూసినా కాలువ, వరి, చెరకు. చెరకు ట్రాక్టర్ల వెనక గంటసేపు నత్తలాగా పోయాం. ఎదురొచ్చినదానికి దారి ఇవ్వడానికి పక్కకు తీసేసరికి కారు చక్రం పొలం బురదలో దిగింది. తోసినవాళ్ళు ఆ ఊరివాళ్ళు నలుగురు. దిగకుండా లోపల కూర్చుని "ఇంకా తొయ్యండప్పా" అన్నది మా మరిది.

మస్తాన్ సాబ్ బిడ్డ ఇంటి పక్కనే సత్యవతిగారని, తాతల నాడు కోస్తానుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రైతుల ఇంటావిడ. సాబ్ నిద్ర లేవలేదంటే ఆమే మమ్మల్ని లోపలికి పిలిచి అన్నం పెట్టింది. మేము పొద్దున రొట్టె, మధ్యాహ్నం రొట్టె, అన్నం చివర్లో కొంచెం తింటాం. వాళ్ళకు మొదలూ అన్నమే, చివరా అన్నమే. మేము పుండికూర అనేదాన్ని వాళ్ళు గోంగూర అంటారు, ఎర్రకారం పెట్టి నిలవ చేస్తారు. నేను రెండుసార్లు వేయించుకున్నాను.

తింటూ శేఖరప్ప తన కథ మొదలుపెట్టాడు. ఆఫీసరు, యాభై ఏళ్ళు, ఒక్క సారీ విప్పలేదు.

సత్యవతిగారు గరిటె పట్టుకుని అలా నిలబడిపోయింది. "అయ్యబాబోయ్! యాభై ఏళ్ళు లోపల నూనె మార్చలేదాండీ? మా ట్రాక్టరుకైతే రెండు పంటలకోసారి మార్చకపోతే మొరాయిస్తుందండీ."

"ఇది ట్రాక్టరు కాదమ్మా. స్విస్."

"స్విస్ అయితే మాత్రం నూనె ఎండదాండీ?"

మరిది పప్పుచారు మీద శ్రద్ధ పెట్టాడు.

సాబ్ లేచి అరుగు మీదికి వచ్చాడు. సన్నటి మనిషి, తెల్లటి గడ్డం. చేయి నిజంగానే వణుకుతోంది. శేఖరప్ప వాచీ చేతికివ్వకుండా తన మణికట్టు చూపించి, "విప్పకనే చెప్పాల సాబ్, ఇది బతికుండాదా చచ్చిందా" అన్నాడు.

సాబ్ కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"చోరనూరుదా?"

"హౌదు," అన్నాను. "మీకెట్ల తెలిసె?"

"పట్టీ పక్కన ఈ గాటు చూడమ్మా, అడ్డంగా ఉంది. దీన్ని నేను తొమ్మిదిసార్లు విప్పినా."

శేఖరప్ప పెద్దగా నవ్వాడు. "వేరేది అయ్యుంటాది సాబ్. మాది ఎన్నడూ విప్పిండేది లేదు."

"అరె, విప్పినప్పుడల్లా మూత లోపల సూదితో ఒక గీత గీసి, ఏడాది రాస్తా. మా పనివాళ్ళందరికీ అదే అలవాటు. రేపు ఇంకొకడు విప్పితే ముందు ఎవరు చూశారో తెలియాల కదా. గీతలు లేకుంటే నీ వాచీ తీసుకొని పో, బెంగళూరు పో, లండన్ పో. ఉంటే మాత్రం నా దగ్గర వదిలిపెట్టి పోవాల. ఒప్పుకుంటావా?"

అరుగు కింద బురదలోంచి కారు తోసిన నలుగురూ ఉన్నారు. సత్యవతిగారు ఉంది. అంతమంది ముందు మా మరిది వెనక్కి తగ్గడు. అది ఆయన బలం, మనకు సౌకర్యం.

"ఒప్పుకున్నా. విప్పు!" అని తనే ఊడదీసి ఇచ్చాడు.

సాబ్ లోపలినుంచి బిస్కెట్ డబ్బా తెచ్చాడు. అందులో పనిముట్లు. కంటికి భూతద్దం పెట్టుకోగానే ఆయన చేయి వణకడం ఆగిపోయింది. అది నేను కళ్ళారా చూశాను. మూత తిప్పాడు, ఎత్తాడు, బోర్లించి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే చదువమ్మా."

నేను చదివింది నాలుగో తరగతి. అంకెలకు అది చాలు. తలవెంట్రుక మందం గీతలు, పక్కన ఏడాదులు. డెబ్బై నాలుగు. డెబ్బై తొమ్మిది. ఎనభై నాలుగు. తర్వాత ఎనభై ఎనిమిది. ఆ ఏడే మా బస్సు సండూరు దగ్గర రేడియేటరు పగిలి ఆగింది, అత్తమ్మ టిఫిను డబ్బా ఒళ్ళోంచి దించలేదు, ఆకలేస్తోందన్నా మూత తీయలేదు. తొంభై మూడు, పూలబుట్ట బస్సులో మరిచిపోయాం. తొంభై ఎనిమిది, బేకరీలో బన్నులు అయిపోయి నాకు రస్కులు పెట్టింది. అలా రెండువేల పదమూడు దాకా. లెక్కపెడితే తొమ్మిది. పదహారులో అత్తమ్మ పోయింది. తర్వాత గీత లేదు.

"దసరాకు వచ్చేది మీ ఇంటి పెద్దమ్మ," అన్నాడు సాబ్. "వాచీ తొమ్మిది దినాలు పూజలో పెట్టెలో ఉంటుంది, ఎవరూ ముట్టరు, ఈలోపల చేసి ఇవ్వు సాబ్ అనేది. మొదటి దినం ఇచ్చేది, తొమ్మిదో దినం తీసుకొని పోయేది. ఒకసారి అడిగినా, ఇంత దొంగతనం ఎందుకమ్మా అని. 'ఆయనకు విప్పలేదనే మాట కావాల, నాకు నడిచే వాచీ కావాల. ఇద్దరికీ చెరొకటి చేస్తాండా' అనె."

శేఖరప్ప మెల్లగా అన్నాడు, "అట్లయితే ఆ తొమ్మిది దినాలు మేము మొక్కిండేది..."

"ఉత్త పెట్టెకు," అన్నాను.

సత్యవతిగారు చెంగు నోట్లో కుక్కుకుంది.

సాబ్ ఈలోగా వాచీ లోపలి భాగం చూస్తున్నాడు. ఆయన నవ్వడం మానేశాడు. "అంతా ఎర్రగా ఉందే" అన్నాడు.

"మైనింగు దుమ్ము సాబ్," అన్నాడు మరిది వెంటనే. "మా ఊరి దుమ్ము యాడైనా దూరుతాది."

సాబ్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మైనింగు దుమ్ముకు గంధం వాసన ఉంటుందా బేటా? ఇది కుంకుమ. టెంకాయ నీళ్ళు కూడా తాపినారు దీనికి."

అత్తమ్మ బతికినన్నాళ్ళు కుంకుమ పెట్టె మీదే పెట్టేవాళ్ళం. ఆమె పోయాక మొదటి దసరాకే శేఖరప్ప పెట్టె తెరిచి, వాచీ బయటికి తీసి, లారీకి పెట్టినట్టే దీనికీ గంధం, కుంకుమ, పైన టెంకాయ నీళ్ళు మొదలుపెట్టాడు. అది స్వంత భక్తి. ఏటేటా పెరిగింది కూడా.

"బతుకుతుందా?" అని అడిగాను.

సాబ్ చిన్న చక్రాన్ని సన్నటి పట్టకారుతో పట్టి బయటికి తీశాడు. "దీని ఇరుసు మొన విరిగి ఉంటే ఈ ఊళ్ళో దొరకదు. విరిగి ఉంటే నీ మరిది మాటే నిజం" అన్నాడు. వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. ట్రాక్టరు పోతుంటే సత్యవతిగారు డ్రైవరును చేయెత్తి ఆపింది, అరుగు అదురుతుందని.

"ఉంది మొన," అన్నాడు.

ఒక గాజు గిన్నెలో పెట్రోలు పోసి ఊడదీసిన ముక్కలు కడిగాడు. పెట్రోలు ఎర్రగా తిరిగింది. మళ్ళీ పోశాడు, మళ్ళీ ఎర్రగా. మూడోసారికి తేటపడింది. ఆరబెట్టి, సూదిమొనంత నూనె పెట్టి, చక్రం తిరిగి కూర్చోబెట్టాడు. కీ తిప్పే పుల్ల తుప్పు పట్టి విరిగిపోతే, డబ్బాలో ఉన్న వేరే చచ్చిన వాచీ పుల్ల తీసి అమర్చాడు. నా వైపు చాచాడు.

"కీ ఇవ్వమ్మా. నీ చేతికి తెలుసు కదా."

నాలుగు తిప్పులు తిప్పాను. ఐదో తిప్పుకు ఆ చక్రం ఉలిక్కిపడి అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది.

నేను ఏడవలేదు. గోంగూర కారం అప్పటికి కళ్ళకెక్కింది, అంతే.

"ఇది ఇప్పటికి లేచింది," అన్నాడు సాబ్. "సక్రమంగా అన్నీ కడిగి, నూనె పెట్టి, రెండు వారాలు నా దగ్గర నడిపించి చూడాల. దినానికి మూడు నిమిషాలు వెనకబడుతుంది. ఆ వయసుకు అది తప్పు కాదు. ఐదేళ్ళకొకసారి విప్పకుంటే చస్తుంది. టెంకాయ నీళ్ళు పోస్తే ఇంకా ముందే చస్తుంది." సూది తీసుకుని మూత లోపల పదో గీత గీశాడు.

చోరనూరు: సోమవారం

బెంగళూరాయన చెప్పినట్టే వచ్చాడు. చూద్దామంటే వాచీ ఎమ్మిగనూరులో ఉంది. విప్పామని తెలిస్తే వచ్చిన కారులోనే పోతాడని శేఖరప్ప ఆశపడ్డాడో భయపడ్డాడో తెలియదు, జరిగిందంతా చెప్పేశాడు. బెంగళూరాయన కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఐదేళ్ళకొకసారి ఒకే మనిషి చేశాడా? గుర్తులన్నీ ఉన్నాయా? అయితే చెప్పినదానికన్నా ఎక్కువే ఇస్తానండీ. అసలు విప్పనిదంటే లోపల ఏముందోనని భయపడుతూ వచ్చాను."

మా మరిది ముఖం నేను వంటింటి గుమ్మం నుంచి చూస్తున్నాను. ఆ ముఖంలో డబ్బు లెక్క పెరుగుతూ పోయింది. నన్ను చూశాడు. నా చేతిలో పప్పుగుత్తి ఉంది.

"లేదప్పా," అన్నాడు చివరికి. "ఇప్పుడది నడుస్తాండాది. నడిచేది ఇల్లు దాటదు. మా నాయన మాట."

ఆ ఒక్క నిమిషం ఆయన మీద నాకు నిజంగా గౌరవం కలిగింది. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఆ గౌరవం ఇంకా కొంచెం నిలిచేదేమో.

"ఐదేండ్లకొకసారి తప్పకుండా విప్పించాల అప్పా ఇట్లాంటివి," అని ఆయన బెంగళూరాయనకు చెప్తున్నాడు. "మా అమ్మ కంటోన్మెంట్ తీసుకొని పోయేది. మొదటి నుంచీ నేనే గుర్తుచేస్తాంటి ఆమెకు."

మొదటి గీత డెబ్బై నాలుగుది. అప్పటికి శేఖరప్పకు ఆరు నెలలు. ఏమని గుర్తుచేశాడో మరి, పాలకు ఏడ్చి ఉంటాడు.